మా అక్క వంతు మూర

మా అక్క నన్ను బావి తవ్వడానికి రమ్మంది. ఈ మాట కోడుమూరులో మా వీధిలో చెబితే నవ్వనివాళ్ళు లేరు. నేను నేతగాణ్ణి. నాకు తెలిసిన గుంత ఒక్కటే, మగ్గం గుంత. అది కూడా మా తాత తవ్వించిపోయినది. అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడమే తప్ప గడ్డపార పట్టి ఎరగను.

కబురు తెచ్చినవాడు ఊరూరూ తిరిగి నూలు అమ్మే మస్తాను. "మీ అక్క వీలు చూసుకొని రమ్మనల్యాప్పా, వీలు చేసుకొని రమ్మన్నాది," అన్నాడు. బావి తవ్వాలట. అంత తొందర ఏమొచ్చిందని అడిగితే తనకు తెలియదన్నాడు. "మనిషి మాత్రం బాగనే ఉండాది. మొగమే బాగల్యా," అని మాత్రం చెప్పాడు.

మా నారాయణమ్మక్కది వేంపల్లె పక్కన రేగడిపల్లె, సాలెవీధి. మా బావ పోయి కొన్నేళ్ళయింది. కూతుళ్ళిద్దరూ అత్తగారిళ్ళలో ఉన్నారు. బావ పోయిన ఏడే అక్క ఆయన మగ్గం గుంతలోకి దిగి నేయడం మొదలుపెట్టింది. అలాంటి మనిషి మొగం బాగా లేదంటే నాకు కాలు నిలవలేదు. యుద్ధం రోజులు కాబట్టి నూలు దొరకడమే గగనం, మగ్గం సగం రోజులు ఊరికే పడి ఉంటోంది. వీలు చేసుకోవడానికి పెద్దగా కష్టపడనక్కర లేకపోయింది.

తెల్లవారుజామున కర్నూలు బస్సెక్కాను. పెట్రోలు కరువుతో బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్న కాలం. బస్సు వెనక ఒక పెద్ద డ్రమ్ము, అందులో బొగ్గులు. క్లీనరు చక్రం తిప్పీ తిప్పీ చెమటలు కక్కితే గ్యాసు పుడుతుంది, అప్పుడు బస్సు కదులుతుంది. ఈ దారిన పోదలచినవారికి నాదొక మాట, తెల్లబట్టలు కట్టుకోకండి. నేను కొత్త పంచె కట్టుకుని ఎక్కి, కర్నూలులో దిగేసరికి కమ్మరి కొలిమిలో పనిచేసి వచ్చినవాడిలా ఉన్నాను.

కర్నూలులో తొమ్మిది గంటలకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, స్టేషనుకు నడిచాను. రైలు ద్రోణాచలం దాకా నెమ్మదిగా, ప్రతి తుమ్మచెట్టునూ పలకరిస్తూ పోయింది. అక్కడ నంద్యాల వైపు నుంచి వచ్చే గుంతకల్లు బండికి మారాలి. ఆ బండి నిండా సిపాయిలు, వాళ్ళ పెట్టెలు. తలుపు దగ్గర కాస్త చోటు చూపించినవాడు బేతంచెర్లలో బండలు తీసే పనివాడు. గుంతకల్లులో పెళ్ళికి పోతున్నాడట, ఒడిలో ఒక నున్నటి నాపబండ పెట్టుకున్నాడు.

"పెండ్లికి బండ చదివిస్తావా?" అన్నాను.

"పిల్లకు సంగటి కెలికి దించుకునేదానికి కింద పీట గావల్ల కదప్పా. ఇది అరగదు, పగలదు. నువ్వు యాడికి?"

బావి తవ్వడానికని చెప్పాను. అతను నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ చేతుల్తోనా? దప్పికైనప్పుడు బావి తవ్వేదంటే మీదేనప్పా!" అని పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత జాలి కలిగినట్టుంది. "అరచేతులకు గుడ్డ చుట్టుకో. సాలోడివి, నీకు గుడ్డకేం కరువు?" అన్నాడు.

గుంతకల్లులో మద్రాసు వైపు పోయే బండి కోసం చాలాసేపు కాచుకోవలసి వచ్చింది. అక్కడ కాఫీ బాగుంటుందని అందరూ అంటారు, నాకు మాత్రం వేడిగా ఉండడం తప్ప వేరే గుణం కనిపించలేదు. గుత్తి, తాడిపత్రి దాటేసరికి పొద్దు గూకింది. ఎర్రగుంట్లలో దిగి సత్రంలో నడుం వాల్చాను. నల్లులున్నాయి, నీళ్ళు లేవు.

మరునాడు పొద్దున వేంపల్లె బస్సు. అదీ బొగ్గుదే. మిట్ట రాగానే నిలబడిపోయింది. క్లీనరు "అందరూ దిగి తోయల్లప్పా" అని అరిచాడు. దిగాము. వక్కాకు నములుతున్న ఒక ముసలమ్మ మాత్రం కదలలేదు. "నేను టికెట్టు కొనింది కూసునేదానికి, తోసేదానికి కాదు," అంది. అందరూ నవ్వి, పోనీలే పెద్దామె అని వదిలేశారు. కాస్త దూరం తోశామో లేదో, ఆమె దిగివచ్చి నా పక్కన చెయ్యి వేసింది. ఆ చేతిలో బలమేమీ లేదు.

"ఏమవ్వా, దిగితివే?" అన్నాను.

"అందరూ తోస్తాంటే నేనొక్కదాన్ని పైన కూసుంటే, ఆ కూసునేది బాగుంటాదా నాయనా?" అంది.

వేంపల్లెలో ఒక పూటకూళ్ళామె ఇంట రాగిసంగటి, శెనక్కాయలు నూరిన ఊరిమిండి పచ్చడి తిన్నాను. ఆ దారిన వెళ్ళేవారు తప్పక అడిగి తినండి, ఊరిమిండి రెండోసారి వడ్డించమంటే ఆమె సంతోషిస్తుంది. అక్కడి నుంచి రేగడిపల్లెకు పాపఘ్ని ఇసుకలో పడి నడక. ఎండకు ఏరు ఎముకలా తెల్లగా ఉంది. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తీసి, చిప్పతో తోడి కడవలు నింపుతున్నారు. సాలెవీధి నుంచి ఆ ఏరు చిన్న దూరమేమీ కాదు. ఊళ్ళో ఉన్న బావి ఉప్పు నీళ్ళది. ఉప్పు నీళ్ళతో గంజి పెడితే పడుగు పెళుసుబారి, నేసేటప్పుడు పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగుతాయి. అందుకని తాగే నీళ్ళే కాదు, గంజి నీళ్ళూ ఏటి నుంచే మోసుకోవాలి. బావి ఎందుకు కావాలో అడగకుండానే అర్థమైంది.

వీధి మొదట్లోనే నన్ను పట్టుకున్నాడు వీధి పెద్ద చెన్నప్ప. అక్కకు వరసకు మామ, బక్కపలచని ముసలాయన. "రాప్పా రా! నారాయణమ్మ తమ్ముడు వచ్చినాడు, మంచం వేయండి," అని కేక వేశాడు. వేపచెట్టు కింద మంచం పడింది. మజ్జిగ వచ్చింది. వరసకు బావలయ్యేవాళ్ళు నలుగురు చుట్టూ చేరారు. ఇక నా పంచె మీద మొదలైన ఎగతాళి నా బట్టతల దాకా సాగింది. పిల్లనిచ్చిన ఊరివాడు దొరికితే ఎవరు వదులుతారు?

బావి సంగతి వాళ్ళే చెప్పారు. బావులు తవ్వే ఒడ్డె వాళ్ళను పెట్టి తవ్వించే తాహతు లేదు. యుద్ధం రోజుల్లో పైనుంచి సాయం వచ్చే దారీ లేదు. మనమే తవ్వుకుందామని వీధంతా కూర్చుని అనుకున్నారు. అయితే ఎవరి వంతు ఎంత? అందరూ మగ్గం మనుషులు. కొలవడం అంటే వాళ్ళకు తెలిసింది మూర. అందుకని ఇంటికొక మూర లోతు అని తీర్మానం చేశారు. ఎవరి మూర ముందో తేల్చడానికి ఇంటికొక కండె, అంటే నాడెలో పెట్టే నూలు చుట్టిన పుల్ల, ఒక్కో ఇంటిది ఒక్కో రంగు, కుండలో వేసి తీశారు.

ఇంతకన్నా న్యాయం ఉండదనుకున్నారు. మగ్గం మీద ఏ మూరైనా ఒకటే. భూమి అలా కాదు కదా! మొదటి కండె వచ్చిన ఓబులేసు ఎర్రమన్ను మూర మధ్యాహ్నానికే తవ్వేసి, చేతులు కడుక్కుని మీసం దువ్వాడు. చివరి కండెలు వచ్చినవాళ్ళకు నాపరాయి తగిలింది. పొరలు పొరలుగా పెకలించి ఒక్కొక్క మూరకు రోజుల తరబడి చెమటోడ్చారు. అయినా ఒక్కరూ మాట తప్పలేదు. మనం వేరేలా పంచుకోవలసింది అన్నవాళ్ళున్నారు, నా వంతు నేను తవ్వను అన్నవాడు లేడు. నేను పోయేసరికి ఆఖరి మూర నడుస్తోంది.

"మా అక్క మూర ఏదీ? నేను దానికే వచ్చినా," అన్నాను.

అందరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. చెన్నప్ప మామ మెత్తగా అన్నాడు, "ఆయమ్మకు ల్యాప్పా. మగదిక్కు లేని ఇల్లు. పాపం, ఒంటి మనిషి. వీధంతా అనుకొని మాఫు చేసినాము."

అక్క ఇంట్లో మగ్గం మీద ఉంది. నన్ను చూసి లేచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టింది. తిన్నాక అంది.

"మాఫు చేసినారంట. కండె చుట్టుకొని పోయినా రా, కుండలో ఎయ్యల్లని. నీకేంటికమ్మా, ఇంటికి పో, అన్నారు. ఒక్కరూ చెడ్డగా అనల్యా. అందరూ మంచిగనే అన్నారు."

"మంచిదే కదక్కా. వాళ్ళు నీ మీద ప్రేమతోనే..."

"ప్రేమే. నేను కాదనల్యా. రేప్పొద్దున నీళ్ళు పడతాయి. నేను కడవెత్తుకొని పోతే ఒక్కరూ వద్దనరు. ముందు నువ్వు చేదుకోమ్మా అంటారు. పక్కకు జరిగి దావిస్తారు. నేను అట్ల చేదుకోల్యాను రా." కొంగుతో మొగం తుడుచుకుంది. "మీ బావ ఉంటే ఈ ఇంటికి మూర ఉండేది. నేను ఉండాను కదా. నేను ఇల్లు కానా?"

చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషి. ఆమె అలా అడిగాక కూర్చోలేకపోయాను. గడ్డపార ఎక్కడుందో చూపించమని లేచాను.

కాని నన్ను బావి దగ్గరికి రానిస్తేనా! పుట్టింటివాడు చుట్టం. చుట్టంతో మట్టి మోయించారని తెలిస్తే రేగడిపల్లె పరువేం కావాలి? నేను గడ్డపార మీద చెయ్యి వేస్తే ఒకడు లాక్కుంటాడు. తట్ట ఎత్తితే ఇంకొకడు దించేస్తాడు. "నువ్వు మంచం మీద కూసో బావా, మాకు అదే పదివేలు," అంటారు. ఆ పూటకు ఒకరింట భోజనం, మరు పూటకు ఇంకొకరింట. జొన్నరొట్టెలు, వంకాయ కూర, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. నూలు కరువులో కూడా ఆ ఇళ్ళవాళ్ళు ఓళిగలు చేశారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, నేను మాత్రం పెరుగుతున్నాను. అక్క మగ్గం చప్పుడు చేస్తూ ఉండేది. ఆ చప్పుడు నాకు తిట్టులాగే వినిపించేది.

రెండు రోజులు ఇలా గడిచాక, సాయంత్రం నాలుగు గంటల వేళ ఆఖరి మూర తవ్వుతున్న ఇద్దరన్నదమ్ములు పైకి వచ్చారు. చెన్నప్ప మామ దారం వదిలి కొలిచాడు. మూర నిండింది. రాయి పొడిగా ఉంది. చెమ్మ కూడా లేదు.

వీధంతా గట్టు చుట్టూ నిలబడింది. చివరికి ఓబులేసు అన్నాడు, "ఇది మన రాత. మగ్గాలు వదిలిపెట్టి ఇన్ని దినాలు తవ్వితిమి. ఇంగ పూడ్చేది మేలు. గొడ్డో గోదో పడతాది." ఒకరిద్దరు తలలూపారు.

"ఇంకొంచెం పోతే పడతాదేమో," అన్నాడు అన్నదమ్ముల్లో చిన్నవాడు.

"ఎవురు పోయేది? ఎవురి మూర వాళ్ళు తవ్వినారు. ఇంగ తవ్వమని అడిగే హక్కు ఎవురికుండాది?" అన్నాడు చెన్నప్ప మామ. ఆయనే ఈ పని తలపెట్టినవాడు.

అప్పుడు వెనక నుంచి మా అక్క ముందుకు వచ్చింది. కొంగు నడుముకు బిగించి ఉంది.

"నా మూర అట్లనే ఉండాది మామా," అంది.

"అది మాఫు చేస్తిమి కదమ్మా."

"నేను చేసుకోల్యా."

"నీవు ఆడకూతురివి. ఆ లోతులో, ఆ రాతిలో..." అని ఒకరు అందుకున్నారు.

అక్క ఆ మాటన్నవాడి వైపు తిరిగింది. "ఆయప్ప పోయినప్పుడు మగ్గం గుంతలో దిగితి. అప్పుడు ఎవురూ వద్దనల్యా. కడుపుకు కావల్ల కాబట్టి దిగు అంటిరి. ఈ గుంతలో దిగేదానికి ఏంటికి వద్దు? నా ఒక్కదాని కడుపు కోసమైతే దిగచ్చు, వీధి కోసమైతే దిగగూడదా?"

చెన్నప్ప మామ చేతిలోని దారం ఉండ చుట్టుకుంటూ కిందికి చూశాడు. "తప్పు మాదే తల్లీ. నీకు కట్టం తప్పించినామనుకుంటిమి. మనుసుల్లోంచే తప్పించినాము," అన్నాడు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. తర్వాత గడ్డపార తనే తెచ్చి ఆమెకిచ్చాడు.

నేను కూడా లేచాను. బావలు మళ్ళీ అడ్డం వచ్చారు. అక్కే వాళ్ళను ఆపింది. "మీ వంతులో వాడు చుట్టం. నా వంతులో నా తమ్ముడు. పక్కకు పోండి!"

మరునాడు పొద్దున్నే మోకు పట్టుకుని దిగాము. అంత లోతు నుంచి చూస్తే ఆకాశం మూకుడంత ఉంది. అరచేతులకు గుడ్డలు చుట్టుకున్నా బొబ్బలు వచ్చాయి, బొబ్బలు చితికాయి. నేను రాతి మీద వేసిన దెబ్బలకన్నా పక్కన వేసినవే ఎక్కువ. అక్క నయం. పొర సందు చూసుకుని, గడ్డపార దూర్చి, పెదవి బిగించి పెకలించేది. మా మూరకు మేమిద్దరమే అనుకున్నాను. కాని తట్ట నిండగానే పైనుంచి మోకు కదిలేది. తలెత్తి చూస్తే గిలక దగ్గర ఓబులేసు. మీసం దువ్వి కూర్చున్నవాడు పొద్దు గూకేదాకా లాగాడు. వాళ్ళ వంతులు తీరిపోయినవాళ్ళే అందరూ. ఎవరూ పిలవలేదు, వచ్చారు. మధ్యాహ్నం అందరి ఇళ్ళ నుంచీ సంగటి వచ్చింది. ఈసారి నాకు మంచం వేయలేదు. మట్టి చేతులతో వాళ్ళ వరసలో కూర్చుని తిన్నాను. ఓళిగలకన్నా ఆ సంగటి నాకు బాగుంది.

కొన్ని రోజులకు మూర తెగింది. చెన్నప్ప మామ దారం వదిలి కొలిచి, "నారాయణమ్మ మూర నిండింది!" అని వీధికంతా వినబడేలా అరిచాడు. అంతవరకూ ఆ ఇంటిని అందరూ మా బావ పేరుతోనే పిలిచేవాళ్ళు.

నీళ్ళు పడలేదు. మీరు పడ్డాయనే అనుకుని ఉంటారు. నేనూ అనుకున్నాను, రాయి కింద ఎక్కడో ఆ తల్లి కష్టం చూసి గంగమ్మ కరుగుతుందని. రాయి పొడిగానే ఉంది. అయితే పూడ్చుదామన్న మాట ఈసారి ఎవరి నోటా రాలేదు. ఆ సాయంత్రమే కుండ తెచ్చారు. ఇంటింటి నుంచీ కండెలు వచ్చాయి. అక్క ఎర్రంచు చీరకు వాడే ఎర్ర నూలు కండె తెచ్చి, అందరూ చూస్తుండగా వేసింది. వీధిలో అందరికన్నా ముసలిది, చెన్నప్ప మామ తల్లి, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. మొదట వచ్చింది ఎర్ర కండె!

వీధి గొల్లుమంది. "అయ్యో, ఆయమ్మ ఇప్పుడే గదా తవ్వింది, మళ్ళా తీయండి," అన్నారు. అక్క ఒప్పుకోలేదు. "పడినంక పడినట్లే. మీకైతే మళ్ళా తీస్తారా?" అంది. మస్తాను చెప్పిన ఆ మొగం, బాగా లేదన్న మొగం, అప్పుడు చూడాలి.

నేను వచ్చి చాలా రోజులైంది. కోడుమూరులో నూలు పంచే రోజు దగ్గరపడింది, ఆ రోజుకు అక్కడ లేకుంటే నా వంతు పోతుంది. బయలుదేరతానంటే అక్క సరేనంది. నేను ఎప్పుడు వెళ్ళినా ఏటి ఇసుక దాకా వచ్చి, ఏడ్చి, నేను కనుమరుగయ్యేదాకా నిలబడే మనిషి. ఆ పొద్దు నేను మూట కట్టుకుని చూస్తే ఇంట్లో లేదు. బావి దగ్గరికి పోయాను. గట్టు మీద ఓబులేసు గిలక పట్టుకుని ఉన్నాడు. తొంగి చూశాను. అడుగున రాతిపొడి అంటిన తల కనిపించింది.

"అక్కా, పోయొస్తా!"

తల ఎత్తింది. "భద్రంగా పోయిరా నాయనా! చేతులకు ఆముదం రాసుకో. నేను పైకి రాల్యాను, తట్ట సగంలో ఉండాది," అని, మళ్ళీ వంగింది. గడ్డపార చప్పుడు మొదలైంది. ఈసారి ఇసుకలో ఏడ్చుకుంటూ నడిచింది నేను. ఎవరూ చూడలేదు.

ఎర్రగుంట్లలో మధ్యాహ్నం బండి దొరికింది. జనం తక్కువ, కిటికీ దగ్గర చోటు వచ్చింది. తాడిపత్రి వైపు పోతుంటే రెండు పక్కలా ఎండిన చేలు, అక్కడక్కడ మెరక మీద బావుల గట్లు కనిపించాయి. వచ్చేటప్పుడూ అవి ఉన్నవే, నేను గమనించలేదు. ఒక్కొక్క గట్టు వెనక ఎందరు చేతులు కలిపి ఉంటారో, ఎవరెవరిని కలుపుకుని ఉంటారో, ఎవరిని వదిలేసి ఉంటారో అనిపించింది. మా సీమలో వాన మన చేతిలో లేదు. పక్కవాడిని లెక్కలో పెట్టుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది. అది కూడా ఒక్కోసారి మరిచిపోతాము, అదీ మంచి మనసుతోనే.

ఎదుట కూర్చున్న శెనక్కాయల వ్యాపారి నా చేతి కట్లు చూసి అడిగాడు. జరిగింది చెప్పాను. ఆసాంతం విని, "అంతా బాగుంది కానీ, ఇంతకూ నీళ్ళు పడినాయా అప్పా?" అన్నాడు.

"ఇంకా పడల్యా."

"మరి అంత సంతోషంగా ఉండావే?"

"మా అక్క వంతు నడుస్తాంది," అన్నాను.